పొద్దున కుంటుతూ లేచి మధ్యాహ్నానికి ఆడుకునే పిల్లలు: చిన్నారుల్లో కీళ్లవాతం గురించి తెలుసుకుందాం



కీళ్లవాతం అనగానే మనకు గుర్తొచ్చేది నానమ్మ, తాతయ్య. మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం, చలికాలంలో వేళ్లు బిగుసుకోవడం, వేడినీళ్ల కాపడం. నాలుగేళ్ల పాపకు కీళ్లవాతం అని ఎవరైనా చెబితే "ఈ వయసులో కీళ్లనొప్పులేంటి?" అని నవ్వేస్తాం. కానీ పిల్లలకూ కీళ్లవాతం వస్తుంది, ఏడాది నిండిన పసివాళ్లలో కూడా మొదలవుతుంది. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థ్రైటిస్ దినం కాబట్టి ఈ నెల మన ఆరోగ్య పాఠానికి ఈ విషయాన్ని తీసుకున్నాను.

నేను డాక్టర్‌ని కాదు, టీచర్‌ని. అయితే ఈ జబ్బు తొలి గుర్తులు చాలాసార్లు ఇంట్లో పొద్దున, బడిలో మొదటి పీరియడ్‌లో కనిపిస్తాయి. అప్పుడు పిల్లల పక్కన ఉండేది మీరూ, మేమూ. గుర్తుపట్టి సమయానికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలామంది పిల్లలు మామూలుగా ఆడుతూ పాడుతూ చదువుకుంటారు. ఆలస్యమైతే కీలు దెబ్బతింటుంది, కొందరిలో చూపు కూడా పోతుంది. ఈ పాఠం కొంచెం పొడవుగా ఉంది. ఓపిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకూ చదివి వినిపించండి.

ఇది ఏ జబ్బు?

దీని పూర్తి పేరు జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రైటిస్. డాక్టర్లు పొట్టిగా జేఐఏ అంటారు. పేరును విడదీసి చూద్దాం. జువెనైల్ అంటే చిన్నవయసులో వచ్చేది. ఇడియోపథిక్ అంటే ఫలానా కారణం అని తేలనిది. ఆర్థ్రైటిస్ అంటే కీలు లోపల వాపు. పదహారేళ్లు నిండకముందు మొదలై, కనీసం ఆరు వారాలు ఉండి, వేరే కారణం ఏదీ దొరకని కీళ్ల వాపును ఈ పేరుతో పిలుస్తారు.

మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఉంటుంది. దాని పని బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడడం. ఈ జబ్బులో అది పొరబడి సొంత కీళ్ల లోపలి పొర మీదే దాడి చేస్తుంది. ఆ పొర ఉబ్బుతుంది, కీలులో నీరు చేరుతుంది, కదలిక కష్టమవుతుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్న పిల్లలకు రాదు. చల్లటి నీళ్లు తాగడం వల్ల, పెరుగు తినడం వల్ల, దిష్టి తగలడం వల్ల రాదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకూ రాదు. ఈ మాట తల్లులు ముఖ్యంగా వినాలి, ఎందుకంటే మన ఇళ్లలో నింద ముందు తల్లి మీదకే వస్తుంది.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టర్ 22 మంది పిల్లల్ని గమనించి, 1897లో అచ్చయిన వ్యాసంలో ఈ జబ్బును వివరంగా రాశారు. పిల్లల కీళ్లవాతం పెద్దల కీళ్లవాతం లాంటిది కాదని ఆయన అప్పుడే చెప్పారు. అంటే ఈ జబ్బు కొత్తగా పుట్టింది కాదు. గుర్తుపట్టే వీలు, మందులు ఇప్పుడు పెరిగాయి.

ఇందులో రకాలు

అందరు పిల్లల్లో ఇది ఒకేలా ఉండదు. ముఖ్యమైన రకాలు ఇవి:

1. నాలుగు లేదా అంతకంటే తక్కువ కీళ్లకు వచ్చే రకం. ఎక్కువగా ఆరేళ్లలోపు ఆడపిల్లల్లో, మోకాలితోనో చీలమండతోనో మొదలవుతుంది. నొప్పి తక్కువగా ఉండొచ్చు. పాప ఏడవదు, కానీ మోకాలు ఉబ్బి ఉంటుంది. కంటికి ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ రకంలోనే.

2. అయిదు లేదా అంతకంటే ఎక్కువ కీళ్లకు వచ్చే రకం. వేళ్ల కణుపులు, మణికట్లు, మోకాళ్లు, దవడ కూడా పట్టుకుంటాయి. పెన్సిల్ పట్టుకోవడం, టిఫిన్ బాక్సు మూత తీయడం కష్టమవుతాయి.

3. ఒళ్లంతా ప్రభావం చూపే రకం. రెండు వారాలు దాటినా తగ్గని జ్వరం రోజుకోసారి పెరిగి దిగుతుంటుంది. జ్వరం ఉన్నప్పుడు లేత గులాబీ రంగు మచ్చలు వచ్చి, జ్వరం తగ్గగానే మాయమవుతాయి. కీళ్ల వాపు కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు. టైఫాయిడ్ అనుకుని చాలామంది మందులు మారుస్తూ పోయేది ఇక్కడే.

4. కండరాల నరం ఎముకకు అతుక్కునే చోట వాపు వచ్చే రకం. ఎక్కువగా ఆరేళ్లు దాటిన మగపిల్లల్లో కనిపిస్తుంది. మడమ నొప్పి, తుంటి నొప్పి, పెద్దయ్యాక నడుము బిగుసుకుపోవడం. మన దేశంలో ఈ రకం పిల్లలు చాలామందే ఉన్నారు. క్రికెట్ ఆడి మడమ నొప్పి తెచ్చుకున్నాడని సరిపెట్టేస్తుంటాం.

5. సోరియాసిస్ అనే చర్మవ్యాధితో కలిసి వచ్చే రకం. ఒక వేలు మొత్తం ఉబ్బడం, గోళ్ల మీద చిన్న గుంటలు దీని గుర్తులు.

ఏ గుంపులోనూ సరిగ్గా ఇమడని పిల్లలు కూడా ఉంటారు. రకాన్ని బట్టి మందు, కంటి పరీక్షల గడువు మారతాయి కాబట్టి "మా పాపది ఏ రకం?" అని డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

ఎదిగే నొప్పులా, కీళ్లవాతమా?

పిల్లల కాళ్లనొప్పుల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. అందుకే తేడా తెలిసి ఉండాలి.

ఎదిగే నొప్పులు సాయంత్రం లేదా రాత్రి వస్తాయి. రెండు కాళ్లలోనూ, పిక్కల్లో, తొడల్లో ఉంటాయి. కాసేపు ఒత్తితే హాయిగా పడుకుంటారు. పొద్దున లేచాక ఏమీ జరగనట్టు పరుగెత్తుతారు. కీలు ఉబ్బదు, కుంటరు.

కీళ్లవాతం దీనికి దాదాపు తలకిందులు. పొద్దున లేవగానే ఎక్కువ. మంచం దిగడానికి బద్ధకం చూపుతారు, గోడ పట్టుకుని నడుస్తారు, ఎత్తుకోమని అడుగుతారు. అరగంట, గంట గడిచి ఒళ్లు కదిలాక వదులవుతుంది. మధ్యాహ్నం నిద్రలేచాక, సినిమా చూస్తూ చాలాసేపు కూర్చున్నాక మళ్లీ పట్టేస్తుంది. కీలు ఉబ్బి ఉంటుంది, తాకితే వెచ్చగా అనిపించవచ్చు.

చాలా చిన్నపిల్లలు "నొప్పి" అని చెప్పరు. చేసే పనులు మానేస్తారు. అంతకుముందు మెట్లు దిగిన పాప ఇప్పుడు కూర్చుని జరుగుతూ దిగుతుంది. నడక వచ్చిన బాబు మళ్లీ పాకుతాడు. కింద కూర్చోమంటే కాలు చాపుకుని కూర్చుంటాడు. ఇండియన్ టాయిలెట్‌లో కూర్చోనని మొరాయిస్తాడు. నమాజులో మోకాళ్ల మీద కూర్చోలేకపోవడం, పూజలో బాసిపట్టు వేసుకోలేకపోవడం కూడా ఇలాంటి గుర్తులే. దీన్ని మొండితనం అనుకుని తిట్టే ముందు మోకాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మోకాలి చిప్ప పక్కన గుంట కనిపించి, రెండో దానికి ఆ గుంట పూడిపోయి ఉంటే అక్కడ వాపు ఉన్నట్టే.

ఇంట్లో అయిదు నిమిషాల పరిశీలన

బ్రిటన్‌లో పిల్లల కీళ్లను త్వరగా చూడడానికి డాక్టర్ల కోసం ఒక చిన్న పద్ధతి తయారు చేశారు. దాన్ని పీగాల్స్ అంటారు. అందులో కొన్ని పనులు మనం ఆటలా చేయించవచ్చు.

- మునివేళ్ల మీద నడవమనండి, తర్వాత మడమల మీద నడవమనండి.
- రెండు చేతులు ముందుకు చాపి, గట్టిగా పిడికిలి పట్టమనండి.
- అరచేతులు కలిపి నమస్కారం పెట్టమనండి. మోచేతులు పక్కలకు లేచి, అరచేతులు పూర్తిగా ఆనాలి. తర్వాత చేతుల వెనకవైపులు రెండూ కలిపి కిందికి చూపమనండి.
- తల ఎత్తి కప్పు వైపు చూడమనండి. చెవిని భుజానికి ఆనించమనండి.
- నోరు పెద్దగా తెరిచి, తన మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి.

ఏదైనా ఒకవైపు చేయలేకపోతే, ముఖం చిట్లిస్తే, రెండు వైపులకూ తేడా కనిపిస్తే రాసుకోండి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు. డాక్టర్‌కు ఏం చెప్పాలో మనకు తెలియడానికి మాత్రమే.

ఆగకూడని సందర్భాలు

కింది వాటిలో ఏది కనిపించినా వారం, పది రోజులు చూద్దామని ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

- ఒక కీలు ఎర్రగా, బాగా వేడిగా ఉబ్బి, ఎక్కువ జ్వరంతో, బిడ్డ ఆ కాలు కదపనివ్వకపోతే. కీలులో చీము చేరి ఉండవచ్చు. దీనికి గంటలే లెక్క.
- రాత్రి నిద్రలేపే ఎముక నొప్పి, ఒళ్లు పాలిపోవడం, కారణం లేకుండా నీలి మచ్చలు, బరువు తగ్గడం. రక్త క్యాన్సర్ కూడా కొన్నిసార్లు కాళ్లనొప్పులతోనే మొదలవుతుంది.
- తగ్గని జ్వరంతో బిడ్డ మత్తుగా పడి ఉంటే, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే.

అంత అత్యవసరం కాకపోయినా, ఒక కీలు వాపు రెండు వారాలు దాటి ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఆరు వారాలు అనేది పేరు పెట్టడానికి డాక్టర్లు వాడే లెక్క. ఆరు వారాలు ఇంట్లో కూర్చోవడానికి పెట్టిన గడువు కాదు.

డాక్టర్ ఎలా తేలుస్తారు?

"ఒక్క రక్తపరీక్ష చేస్తే తెలిసిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఈ జబ్బును తేల్చే ఒకే ఒక పరీక్ష లేదు. డాక్టర్ చేతులతో కీళ్లన్నీ పరీక్షించడం, మీరు చెప్పే కథ, ఇతర జబ్బులు కావని నిర్ధారించుకోవడం, ఈ మూడూ కలిస్తేనే నిర్ణయం.

సాధారణంగా చేసే పరీక్షలు: రక్తకణాల లెక్క, వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కంటి ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఏఎన్ఏ, రకం తెలుసుకోవడానికి రుమటాయిడ్ ఫ్యాక్టర్, హెచ్ఎల్ఏ బీ27. అవసరమైతే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. పెద్దల్లో కీళ్లవాతానికి చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ చాలామంది పిల్లల్లో నెగెటివ్‌గానే వస్తుంది. కాబట్టి "నెగెటివ్ వచ్చింది, ఏమీ లేదు" అనుకోకూడదు. అలాగే మొదటి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. ఎక్స్‌రేలో ఎముక అరుగుదల కనిపించే దాకా ఆగితే అప్పటికే నష్టం జరిగినట్టు.

మన దగ్గర తరచూ గందరగోళం కలిగించే జబ్బులు మూడు.

మొదటిది రుమాటిక్ జ్వరం. గొంతునొప్పి వచ్చిన రెండు, మూడు వారాలకు కీళ్లు ఉబ్బుతాయి. నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతూ పోతుంది, గుండె కవాటాలకు ప్రమాదం ఉంటుంది. దీనికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తారు. ఏఎస్ఓ అనే పరీక్ష ఎక్కువ వచ్చినంత మాత్రాన రుమాటిక్ జ్వరం అని తేల్చలేరు, ఎందుకంటే ఈమధ్య గొంతు ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఏ బడిపిల్లలకైనా అది పెరగవచ్చు. వాపు ఒకే కీలులో వారాల తరబడి ఉండిపోతే, ఇంజెక్షన్లు వేయించినా తగ్గకపోతే, రెండో అభిప్రాయం అడగండి. డాక్టర్ చెప్పకుండా ఇంజెక్షన్లు మాత్రం మానేయకండి.

రెండోది క్షయ. ఊపిరితిత్తులకే కాదు, తుంటికీ మోకాలికీ కూడా టీబీ వస్తుంది. ఒకే కీలు నెలల తరబడి ఉబ్బి ఉంటే డాక్టర్ దీన్ని తప్పకుండా చూస్తారు.

మూడోది చికున్‌గున్యా. 2005 చివర్లో, 2006లో మన రాష్ట్రమంతా వ్యాపించినప్పటి నుంచి ప్రతి కీళ్లనొప్పికీ ఆ పేరే పెట్టడం అలవాటైంది. చికున్‌గున్యా ఉన్నట్టుండి ఎక్కువ జ్వరంతో వస్తుంది. జ్వరమే లేకుండా మెల్లగా మొదలైన వాపును దాని ఖాతాలో వేయకండి.

నొప్పి లేకుండా చూపు తీసే కంటి వాపు

ఈ పాఠంలో మీరు ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దీన్ని గుర్తుంచుకోండి. జేఐఏ ఉన్న కొందరు పిల్లల్లో కంటి లోపల కూడా వాపు వస్తుంది. దాన్ని యువియైటిస్ అంటారు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం నూటికి 10 నుంచి 20 మంది పిల్లల్లో ఇది కనిపిస్తుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి ఉండదు. బిడ్డ ఏమీ చెప్పదు. లోపల మెల్లగా నష్టం జరిగి శుక్లం, నీటికాసులు వచ్చి, చూపు తగ్గాక గానీ మనకు తెలియదు.

మామూలు టార్చిలైటుతో, అద్దాల దుకాణంలో చేసే పరీక్షతో ఇది కనిపించదు. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడాలి. చిన్న వయసులో మొదలై, ఏఎన్ఏ పాజిటివ్ ఉన్న పిల్లలకు మూడు నెలలకోసారి, మిగతావారికి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఈ పరీక్ష చేయిస్తారు. మోకాలు తగ్గిపోయినా కంటి పరీక్షలు ఆపకూడదు. కీళ్లు బాగున్న సమయంలోనూ కంట్లో వాపు రావచ్చు. త్వరగా పట్టుకుంటే చుక్కల మందులతో, అవసరమైతే ఇతర మందులతో చూపును కాపాడవచ్చు.

చికిత్స ఎలా ఉంటుంది?

చికిత్స ఉద్దేశం నొప్పి తగ్గించడం ఒక్కటే కాదు. లోపలి వాపును పూర్తిగా అణచి, కీలును, కంటిని, ఎదుగుదలను కాపాడడం. వాపు చాలాకాలం ఉంటే చిన్నపిల్లల్లో ఆ మోకాలి వైపు కాలు రెండోదాని కంటే పొడవు పెరుగుతుంది. దవడ కీలు దెబ్బతింటే గడ్డం చిన్నదైపోతుంది. అందుకే డాక్టర్లు తొందరపడతారు.

మొదటి మెట్టు నొప్పి, వాపు తగ్గించే మందులు. నాప్రోక్సెన్, ఐబూప్రొఫెన్ లాంటివి, తిన్న తర్వాత, బరువును బట్టి లెక్కకట్టి ఇస్తారు. డెంగ్యూ రోజుల్లో జ్వరం వస్తే ఇవి ఇవ్వకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఒకటి, రెండు కీళ్లకే వాపు ఉంటే నేరుగా కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. పేరు వినగానే భయపడతాం. కానీ మందు ఆ కీలు దగ్గరే పనిచేస్తుంది కాబట్టి ఒళ్లంతటికీ దుష్ప్రభావం తక్కువ. చాలామంది పిల్లలకు నెలల తరబడి ఉపశమనం ఇస్తుంది.

ఎక్కువ కీళ్లు పట్టుకుంటే లేదా వాపు తిరగబెడితే మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఇది వారానికి ఒక్కసారి మాత్రమే ఇచ్చే మందు. రోజూ ఇస్తే ప్రాణానికే ప్రమాదం. క్యాలెండర్‌లో ఆ వారం పేరు చుట్టూ ఎర్రగీత గీసి, ఇంట్లో ఒక్కరే ఇచ్చేలా పెట్టుకోండి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వికారం, నోటిపూత రావచ్చు. లివర్, రక్తకణాలు చూసేందుకు డాక్టర్ చెప్పిన గడువులో రక్తపరీక్షలు తప్పనిసరి.

నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్లను అవసరమైన రకాల్లో, వీలైనంత తక్కువ కాలం వాడతారు. ఎక్కువకాలం వాడితే ఎదుగుదల తగ్గుతుంది, ముఖం ఉబ్బుతుంది. అయితే వాటిని ఒక్కసారిగా ఆపడం మరీ ప్రమాదం. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

వీటికీ లొంగకపోతే బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఎటనర్‌సెప్ట్‌ను 1999లో అమెరికాలో ఈ జబ్బుకు ఆమోదించారు. తర్వాత అడాలిముమాబ్, టోసిలిజుమాబ్ వచ్చాయి. వీటిలో కొన్నిటికి మన దేశంలో తయారైన తక్కువ ధర రూపాలు కూడా దొరుకుతున్నాయి. మొదలుపెట్టే ముందు క్షయ లేదని తేల్చుకోవడం చాలా ముఖ్యం.

మందులతో పాటు వ్యాయామం కూడా చికిత్సే. వాపు ఉన్న రోజుల్లో మెల్లగా కీలు పూర్తిగా వంచి చాపడం, వాపు తగ్గాక ఈత, సైకిలు, మామూలు ఆటలు. పూర్తి విశ్రాంతి ఇస్తే కండరం సన్నబడి కీలు వంకరగా బిగుసుకుంటుంది. మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టడం హాయిగా అనిపిస్తుంది గానీ, అదే అలవాటైతే మోకాలు వంగిపోతుంది.

భీమవరం శాస్త్రవేత్త వదిలివెళ్లిన మందు

మెథోట్రెక్సేట్ పేరును ఫోన్‌లో వెతికితే "క్యాన్సర్ మందు" అని వస్తుంది. తల్లిదండ్రులు బెదిరిపోయి ఆపేసేది చాలాసార్లు ఇక్కడే. దాని కథ వింటే భయం కొంత తగ్గుతుంది.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1920లలో అమెరికా వెళ్లారు. లెడర్లే పరిశోధనశాలలో ఆయన ఆధ్వర్యంలోని బృందం 1940లలో ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందులను కూడా అదే బృందం రూపొందించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబానికి చెందిన మందే మెథోట్రెక్సేట్.

1951లో అలాంటి మందు కీళ్లవాతానికి పనిచేస్తుందని గమనించారు. 1992లో అమెరికా, అప్పటి సోవియట్ యూనియన్ డాక్టర్లు కలిసి కీళ్లవాతం ఉన్న 127 మంది పిల్లల్లో జరిపిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. వారానికోసారి తక్కువ మోతాదులో ఇచ్చిన మెథోట్రెక్సేట్ పిల్లలకు మేలు చేస్తుందని అందులో తేలింది. క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదులతో పోలిస్తే కీళ్లకు ఇచ్చేది చాలా తక్కువ. ఇంకో సంగతి: మెథోట్రెక్సేట్‌తో పాటు డాక్టర్ రాసే ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా ఆ పరిశోధనశాల పనితో ముడిపడిందే. మన పిల్లల మందుల డబ్బాలో రెండు మాత్రల వెనక ఒక తెలుగు శాస్త్రవేత్త శ్రమ ఉంది. పెద్ద తరగతుల పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

చేయకూడనివి

- ఉబ్బిన కీలును గట్టిగా నూనెతో మర్దన చేయించకండి. పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించకండి. బెణుకు వేరు, ఇది వేరు. కట్టులో వారాల తరబడి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది.
- పేరు, మోతాదు రాయని పొట్లాల మందులు, పొడులు వాడకండి. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపి ఉండే ప్రమాదం ఉంది. యునానీ, ఆయుర్వేదం, హోమియో ఏది వాడుతున్నా పిల్లల డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.
- నొప్పి తగ్గింది కదా అని మందు ఆపకండి. నొప్పి తగ్గడం, వాపు పోవడం ఒకటి కాదు. ఎప్పుడు తగ్గించాలో డాక్టర్ చెబుతారు.
- టీకాల పుస్తకం ప్రతిసారీ తీసుకెళ్లండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేటప్పుడు కొన్ని టీకాలు, ముఖ్యంగా తట్టు, ఆటలమ్మ టీకాల లాంటివి, డాక్టర్‌ని అడగకుండా వేయించకూడదు. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.
- రంజాన్‌లో పిల్లలు ఉపవాసం ఉంటామని పట్టుబడితే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. జబ్బుతో ఉన్నవారికి మినహాయింపు ఉందన్న సంగతి ఇంట్లో పెద్దలు పిల్లలకు ప్రేమగా చెప్పాలి.

మన ఊళ్లో ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా మీ పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లండి. కీళ్లవాతం అనుమానం ఉంటే రుమటాలజిస్ట్ దగ్గరికి పంపమని అడగండి. ఎముకల డాక్టర్ వేరు, రుమటాలజిస్ట్ వేరు. ప్రభుత్వ రంగంలో పిల్లల కోసం రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కళ్ల కోసం మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. పాతబస్తీ నుంచి వెళ్లేవారు ఎంజీబీఎస్‌లో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే నిలోఫర్‌కు లక్డీకాపూల్‌లో, నిమ్స్‌కు పంజాగుట్టలో దిగవచ్చు. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, బిడ్డను ఎత్తుకుని మెట్లెక్కే పని ఉండదు.

ఖర్చు గురించి మొహమాటపడకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. మీ బిడ్డకు రాసిన చికిత్స అందులో వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

వెళ్లే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో ఇవి రాయండి: పొద్దున ఎన్ని నిమిషాలకు కాలు వదులైంది, ఏ కీలు ఉబ్బింది, జ్వరం ఏ వేళకు ఎంత, ఏ పని మానేశారు. పొద్దున మంచం దిగి నడిచే పది అడుగులను ఫోన్‌లో వీడియో తీయండి. మచ్చలు వస్తే ఫొటో తీయండి. మధ్యాహ్నం ఓపీలో కూర్చునేసరికి బిడ్డ చక్కగా నడుస్తుంటే డాక్టర్‌కు పొద్దున నడక చూపించేది ఆ వీడియోనే.

బడిలో మేము ఏం చేయగలం?

ఈ పిల్లలు మొదటి పీరియడ్‌లో నెమ్మదిగా రాస్తారు, మూడో పీరియడ్‌కు బాగా రాస్తారు. ఒకరోజు పరుగెత్తి, మర్నాడు నడవలేరు. చూసేవాళ్లకు నటనలా, బద్ధకంలా అనిపిస్తుంది. జబ్బు తీరే అంత. అందుకే మీరు మాకు చెప్పాలి. డాక్టర్ ఇచ్చిన కాగితం జిరాక్సు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఇలా అడగండి:

- పొద్దున పది, ఇరవై నిమిషాలు ఆలస్యమైతే శిక్ష లేకుండా లోపలికి రానివ్వడం.
- అసెంబ్లీలో కుర్చీ, క్లాసులో గంటకోసారి లేచి నడిచే వీలు.
- వీలైతే కింది అంతస్తులో సెక్షన్, వెస్టర్న్ టాయిలెట్ వాడుకునే అనుమతి.
- సంచి బరువు తగ్గించడం. 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఏ పిల్లల సంచైనా వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఈ పిల్లలకు ఇంకో జత పుస్తకాలు బడిలో ఉంచితే మంచిది.
- రాసే పనికి అదనపు సమయం, లావు పెన్సిల్, కొన్నిసార్లు నోటితో జవాబు చెప్పే అవకాశం.
- పీటీ పీరియడ్ పూర్తిగా మాన్పించకుండా, ఆరోజు చేయగలిగింది చేయనివ్వడం.

ఇవి దయతో ఇచ్చేవి కావు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం ఉన్న పిల్లల అవసరాలకు తగ్గ సర్దుబాట్లు చేయాల్సిన బాధ్యత గుర్తింపు పొందిన ప్రతి బడి మీదా ఉంది. పదో తరగతి బోర్డు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కావాల్సి వస్తే మెడికల్ సర్టిఫికెట్లకు వ్యవధి పడుతుంది. తొమ్మిదో తరగతిలోనే మాతో మాట్లాడండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. "బయటికి తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని జబ్బును దాచిపెట్టే ఇళ్లు ఉన్నాయి. దాచితే మందు ఆలస్యమవుతుంది, బడిలో బిడ్డ ఒంటరిగా మాటలు పడుతుంది. చికిత్స సరిగ్గా అందిన పిల్లల్లో చాలామందికి జబ్బు అదుపులోకి వస్తుంది. కొందరికి కొన్నేళ్లకు మందులు కూడా ఆపేస్తారు. కొందరికి పెద్దయ్యాక కూడా మందు అవసరమవుతుంది. వాళ్లు కూడా చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు.

ఈ ఆదివారం పొద్దున మీ పిల్లలు నిద్రలేచి మంచం దిగేటప్పుడు ఒక్కసారి గమనించండి. అనుమానం వస్తే మీ పిల్లల డాక్టర్‌కు చూపించండి. డైరీలో ఒక లైను రాసి మాకూ పంపండి. క్లాసులో మేమూ చూస్తాం.